రోజలిండ్ ఫ్రాంక్లిన్ గారి జీవితచరిత్రము

మేడ్చల్ నుండి షామీర్‌పేటకు పోవు త్రోవను మన విద్యార్థులలో ఎఱుగనివారు లేరు. ఒకప్పుడు ఈ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపొందినది. షామీర్‌పేట చెరువును, జొన్నచేలును, రాతిగుట్టలును, ఆ తోటల పందిళ్లును బాటసారులకు కనబడుచుండెడివి. నేడు ఆ ప్రాంతమున టీకాలు తయారుచేయు కర్మాగారములును, పరిశోధనాలయములును బారులు తీరి యున్నవి. 1999వ సంవత్సరమున వెలసిన జీనోమ్ వ్యాలీ ఇచ్చటనే యున్నది. అంతకు ముందే, 1993లో స్థాపింపబడిన శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థవారు మేడ్చల్‌లో హెపటైటిస్-బి అను కాలేయవ్యాధికి టీకా తయారుచేసి, 1997లో విడుదల చేసిరి. జన్యుపద్ధతిచే మన దేశమున తయారైన అట్టి టీకాలలో అది మొదటిది. అంతవరకు విదేశములనుండి వచ్చుచు కలవారికి మాత్రమే అందుచుండిన మందు, పిమ్మట సామాన్య కుటుంబముల బిడ్డలకును అందెను.

ఆ టీకా సీసాలో నేమి యున్నది? బ్రదికియున్న వైరసు లేదు; చంపబడిన వైరసును లేదు. వైరసు పైతొడుగునకు చెందిన ప్రోటీను మాత్రమే యున్నది. ఆ ప్రోటీనును ఈస్ట్ అను సూక్ష్మజీవిచేత పుట్టింతురు. అట్లు పుట్టిన ప్రోటీను తునకలు విడివిడిగా నుండక, కొంత కొవ్వుతో గూడి, సుమారు 22 నానోమీటర్ల అడ్డుకొలత గల చిన్న ఉండలుగా తమంతట తామే కూడుకొనును. వానిని ఒక్కొక్కటిగా పేర్చి అతికించు పనివాడెవ్వడును లేడు. మన శరీరము ఆ ఉండను చూచి వైరసే వచ్చినదని తలచి, దానిని ఎదుర్కొను శక్తిని సిద్ధపఱచుకొనును.

ఇట్లు తునకలు తమంతట తామే గూడుగా ఏర్పడునను సంగతిని మనుష్యులు ఒక్కనాట తెలిసికొనలేదు. దానికై పాటుపడిన వారు పెక్కుమంది కలరు. వారిలో 37 ఏండ్లకే కన్నుమూసిన ఒక విదుషీమణి చరిత్రమును ఈ సంచికలో మన విద్యార్థులకు, అందు ముఖ్యముగా బాలికలకు, తెలుపగోరుచున్నాము.

బాల్యము, విద్య

రోజలిండ్ ఎల్సీ ఫ్రాంక్లిన్ 1920వ సంవత్సరము జూలై 25వ తేదీన లండను నగరమునందు జన్మించెను. తండ్రి ఎల్లిస్ ఫ్రాంక్లిన్, తల్లి మ్యూరియల్. వారిది సంపన్నమైన యూదుల కుటుంబము. తండ్రి బ్యాంకు వ్యాపారమున నుండియు, సాయంకాలములందు శ్రామికుల కళాశాలకు పోయి పాఠములు చెప్పుచుండెడివాడు. హిట్లరు దౌర్జన్యమునకు తాళలేక జర్మనీనుండి పాఱివచ్చిన యూదులకు ఆ కుటుంబమువారు ఆశ్రయమును ఏర్పఱచుచుండిరి. ఇట్టి ఇంట పెరిగిన బాలికకు చిన్ననాటనే శ్రద్ధయు, సూటిగా మాటలాడు స్వభావమును అలవడెను.

ఆ కాలమున బాలికలకు భౌతిక, రసాయన శాస్త్రములను చక్కగా బోధించు పాఠశాలలు ఇంగ్లండునందును తక్కువగనే యుండెను. అట్టివానిలో నొకటియైన సెయింట్ పాల్స్ బాలికా పాఠశాలలో ఆమె చదివెను. గణితమునందును, విజ్ఞానమునందును, భాషలయందును ఆమె ముందుండెను. సంగీత మొక్కటి మాత్రము ఆమెకు పట్టుబడలేదు. ఆ పాఠశాలలో సంగీతము నేర్పిన గుస్తావ్ హోల్స్ట్ అను ప్రఖ్యాత విద్వాంసుడు, ఈ బాలికకు చెవి సరిగా వినబడుచున్నదా యని తల్లిని అడిగెనట! ఒక పాఠమున వెనుకబడిన విద్యార్థి అన్నిట వెనుకబడినట్లు కాదని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

1938లో ఆమె కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన న్యూన్హమ్ కళాశాలలో ప్రవేశించెను. ప్రవేశమున ఆమెకు లభించిన విద్యార్థివేతనమును, అర్హుడైన శరణార్థి విద్యార్థి కెవ్వనికైన ఇప్పింపుమని తండ్రి కోరెను. 1941లో ఆమె పరీక్షయందు ఉత్తీర్ణురాలయ్యెను. కాని ఆనాడు కేంబ్రిడ్జిలో స్త్రీలు పురుషులతో సమానముగా పరీక్షలు వ్రాసినను, వారికి పేరునకు మాత్రమే పట్టము ఈయబడుచుండెను. పూర్ణమైన పట్టమును స్త్రీలకు ఈయవలెనని ఆ విశ్వవిద్యాలయము వారు 1947లో గాని నిర్ణయింపలేదు. ఈనాడు కళాశాలల తలుపులు తమకు తెఱచియుండుటను సహజముగా భావించు మన బాలికలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

బొగ్గునుండి నేర్చిన పాఠము

యుద్ధకాలమున ఆమె 1942లో బొగ్గు పరిశోధన సంఘమున చేరెను. కొన్నిరకముల బొగ్గు వాయువులను లోనికి పీల్చుకొనుటయు, మఱికొన్ని రకములు పీల్చుకొనకపోవుటయు ఏలనో ఆమె శోధించెను. బొగ్గులోని రంధ్రములు కొన్ని ఎంత సన్ననివనగా, కొన్ని అణువులు మాత్రమే వానిలో దూరగలవు, పెద్దవి దూరలేవు. అనగా బొగ్గు ఒక జల్లెడవలె పనిచేయును. పగలు ఈ పరిశోధనయు, రాత్రులయందు బాంబుదాడులనుండి ప్రజలను హెచ్చరించు కావలి పనియు ఆమె చేయుచుండెను. ఈ పరిశోధనకే 1945లో కేంబ్రిడ్జివారు ఆమెకు డాక్టరు పట్టము నిచ్చిరి.

1947లో ఆమె పారిసు నగరమునకు పోయి, జాక్ మేరింగ్ అను శాస్త్రజ్ఞునివద్ద ఎక్స్-రే కిరణములతో పదార్థముల లోపలి అమరికను కనుగొను విద్యను నేర్చుకొనెను. ఆ విద్య యెట్టిదో కొంచెము చెప్పెదము. రాత్రివేళ దూరమునందున్న వీధిదీపమును సన్నని గొడుగుగుడ్డ గుండా చూచినచో, దీపము చుట్టును చుక్కల వరుసలు అడ్డముగను నిలువుగను కనబడును. ఆ చుక్కలు గుడ్డలోని నేతను తెలుపునవే. నేత మారినచో చుక్కల వరుసయు మారును. అట్లే ఎక్స్-రే కిరణములను స్ఫటికమునందో నూలుపోగువంటి పదార్థమునందో ప్రసరింపజేసిన, ఆవలనున్న ఫలకముపై మచ్చలు పడును. ఆ మచ్చలనుండి వెనుకకు లెక్కవేసి, కంటికి కనబడని అణువుల నేత యెట్టిదో చెప్పవలెను. ఓర్పును, గణితమును, నిజమునకు మించి చెప్పని నిగ్రహమును ఈ పనికి కావలెను. ఆ మూడును ఆమెయందుండెను. పారిసునందు గడపిన నాలుగేండ్లు ఆమెకు మిక్కిలి సంతోషకరములు.

కింగ్స్ కళాశాల

1951 జనవరిలో ఆమె లండనులోని కింగ్స్ కళాశాలకు వచ్చెను. అచ్చట డి.ఎన్.ఏ. అను జీవపదార్థమును ఎక్స్-రే పద్ధతిచే శోధించు పనిని శాఖాధ్యక్షుడైన రాండల్ ఆమె కప్పగించెను. ఆ పనిని అంతకుముందే ప్రారంభించిన మారిస్ విల్కిన్స్ అప్పుడు ఊరలేడు. ఆ పని యంతయు తనదే యని ఆమె నమ్మెను. ఆమె తనకు సహాయురాలుగా వచ్చినదని ఆయన నమ్మెను. అధ్యక్షుడు ఇరువురికిని ఒకేమాట స్పష్టముగా చెప్పియుండినయెడల ఆ మనస్పర్థ కలిగియుండదు. తిన్నగా చెప్పని ఒక్కమాటవలన ఇద్దరు మంచివారు రెండేండ్లు ఎడమొగము పెడమొగముగా నుండిరి.

అయినను ఆమె పని నిలువలేదు. డి.ఎన్.ఏ. పొడిగా నున్నప్పుడు ఒక రూపమును, తడిగా నున్నప్పుడు మఱియొక రూపమును పొందునని ఆమె వేఱుపఱచి చూపెను. 1952 మే నెలలో, ఆమె శిష్యుడైన రేమండ్ గాస్లింగ్‌తో కలసి తీసిన తడిరూపపు చిత్రము నేడు 51వ చిత్రమను పేర లోకప్రసిద్ధము. ఆ చిత్రమున మచ్చలు కత్తెరగుర్తువలె ఏర్పడి, ఆ పదార్థము మెలిదిరిగిన మెట్లవంటిదని తెలుపుచున్నవి.

ఆమె ఆ కళాశాలను విడిచిపోవుటకు సిద్ధమగుచుండగా ఆ చిత్రము విల్కిన్స్ చేతికి వచ్చెను. 1953 జనవరిలో ఆయన దానిని కేంబ్రిడ్జినుండి వచ్చిన జేమ్స్ వాట్సన్‌కు చూపెను. ఆమె కొలతలుగల ఒక నివేదికయు వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ గార్లకు వేఱొక త్రోవను అందెను. ఈ రెండు సంగతులును ఆమెకు తెలియవు. వారు తమ బుద్ధిబలముచే ఆ ఆధారములను కూర్చి, డి.ఎన్.ఏ. జంటమెలికల రూపమును కనుగొనిరి. 1953 ఏప్రిల్ 25వ తేదీ నేచర్ పత్రికలో మూడు వ్యాసములు వరుసగా వెలువడెను. మొదటిది వారిది; రెండవది విల్కిన్స్ మున్నగువారిది; మూడవది ఫ్రాంక్లిన్, గాస్లింగ్ గార్లది. మూడవస్థానమున నున్న వ్యాసము మొదటిదానికి మద్దతుగా మాత్రమే చదువరులకు తోచెను గాని, దాని పునాదులలో నొకటిగా తోచలేదు.

1962లో నోబెల్ బహుమానము వాట్సన్, క్రిక్, విల్కిన్స్ గార్లకు లభించెను. అప్పటికి ఆమె మరణించి నాలుగేండ్లయ్యెను. ఆ బహుమానము గతించినవారికి ఈయబడదు. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు జీవకణములకు శక్తినిచ్చు పదార్థమును గూర్చియు, ఫోలిక్ ఆమ్లమును గూర్చియు ఎంతో శ్రమించి, 1948లో అమెరికాలో మరణించిరి. ఆయనకును అట్టి బహుమానము దక్కలేదు. కాని బహుమానము రానంతమాత్రమున పని పోదు.

పొగాకు వైరసు

1953 మార్చిలో ఆమె బెర్నల్ అను గొప్ప శాస్త్రజ్ఞుని ఆహ్వానముపై బిర్క్‌బెక్ కళాశాలకు మారెను. అచ్చట ఆమె కిచ్చిన స్థలము టారింగ్టన్ స్క్వేర్ అను వీధిలోని ఒక పాతయిల్లు. ఆమె గది పైయంతస్తున. ఎక్స్-రే యంత్రములు నేలమాళిగలో. రోజునకు ఎన్నిమార్లో ఆ మెట్లు ఎక్కి దిగవలసి యుండెను. అచ్చటనే ఆమె తన జీవితములోని ముఖ్యమైన ఐదేండ్లను గడపెను. చాలమంది ఆమెను డి.ఎన్.ఏ. చిత్రముతోనే జ్ఞాపకముంచుకొందురు గాని, ఆమెకు నిజమైన తృప్తినిచ్చినది వైరసుల పనియే.

పొగాకు పంట మన గుంటూరు, గోదావరి మండలముల రైతులకు బాగుగ తెలిసినదే. ఆ మొక్కకు మొజాయిక్ తెగులు సోకినయెడల ఆకులపై లేతయు ముదురునునైన పచ్చని మచ్చలు కలిసి పడి, ఆకు ముడుచుకొని, వెల తగ్గిపోవును. ఆ తెగులును కలిగించు వైరసు ఒక సన్నని కడ్డీవంటిది. పొడవు 300 నానోమీటర్లు. వెడల్పు 18 నానోమీటర్లు. ఒక తలవెండ్రుక వెడల్పున ఇట్టి కడ్డీలను ప్రక్కప్రక్కన పేర్చినయెడల నాలుగువేలకు పైగా పట్టును.

ఈ కడ్డీ ఒకే విధమైన 2130 ప్రోటీను తునకలతో నిర్మితమై యున్నది. అవి చార్మినారు మినారులలోని మెట్లవలె చుట్లుచుట్లుగా పైకిపోవును. మూడు చుట్లకు 49 తునకలు. కడ్డీ నడుమ బోలుగా నుండును. ఆ వైరసు బీజమనదగిన ఆర్.ఎన్.ఏ. పోగు ఎచ్చట నున్నదను ప్రశ్నకు సమాధానమును స్పష్టముగా చూపినది ఫ్రాంక్లిన్ గారే. అది నడిమి బోలులో వ్రేలాడుచుండదు. మధ్యనుండి 4 నానోమీటర్ల దూరమున, ప్రోటీను తునకల నడుమనే, వానితో పాటు చుట్లు తిరుగుచు పొదుగబడి యున్నది. పెట్టెలో దాచిన సొమ్మువలె గాక, దండలోని దారమువలె నున్నదన్నమాట.

ఆమె చుట్టును చిన్న పరివారము చేరెను. దక్షిణాఫ్రికానుండి వచ్చిన ఆరన్ క్లూగ్ 1954లో ఆమెతో కలసెను. పిమ్మట జాన్ ఫించ్, కెన్నెత్ హోమ్స్ అను యువకులు చేరిరి. కింగ్స్ కళాశాలలో ఎవ్వరితోను కలియలేదని పేరుపడిన ఈమె, ఇచ్చట శిష్యులకు దిద్దుచు, నేర్పుచు, వారి జీతములకై అధికారులకు ఉత్తరములు వ్రాయుచు పెద్దక్కవలె మెలగెను. మనుష్యుని గుణము అతడున్న చోటునుబట్టియు తెలియును గదా!

గూడు తనంతట తానే కట్టుకొనుట

ఆమె పని జరుగుచున్న దినములలోనే, 1955లో, అమెరికాలోని బర్కిలీ నగరమున ఫ్రెంకెల్ కాన్రాట్, రాబ్లీ విలియమ్స్ అను ఇద్దరు ఒక వింతను చూపిరి. వారు పొగాకు వైరసును ప్రోటీనుగను, ఆర్.ఎన్.ఏ.గను విడదీసిరి. పిదప రెంటిని ఒక గాజుపాత్రలో కలిపిరి. తునకలు మరల తమంతట తామే చేరి కడ్డీలయ్యెను. ఆ కడ్డీలు పొగాకు మొక్కకు మరల తెగులు కలిగించెను. ఆ తునకలకు ఎవరును దారి చూపలేదు.

ఇది యెట్లు సాధ్యము? ప్రతి ప్రోటీను తునకకును ఒక ఆకారమును, అంచులందు కొన్ని ఆకర్షణలును కలవు. ఒకదాని అంచు మఱొకదాని అంచున సరిగా అమరును. నీటిలో అవి ఎడతెగక కదలుచు ఒండొంటిని తాకుచుండును. తప్పుగా అతికినవి, పట్టు బలహీనమగుటచే, విడిపోవును. సరిగా అతికినవి నిలుచును. ఇట్లు వేలమార్లు తాకి విడి, తుదకు సరియైన రూపమే మిగులును. మేస్త్రి లేడు, నక్ష ప్రతి ఇటుకలోనే యున్నది.

కొన్ని వైరసులు కడ్డీలు గాక గుండ్రని ఉండలు. ఫ్రాంక్లిన్, క్లూగ్, ఫించ్ గార్లు 1957లో టర్నిప్ పసుపు మొజాయిక్ వైరసును శోధించిరి. గుండ్రని గూళ్లలో ఒక కట్టడియున్నదని అప్పటికి తెలియవచ్చుచుండెను. మా పదవ తరగతి విద్యార్థులు ఈ యేడు అట్టపెట్టెలను కత్తిరించి 20 సమత్రిభుజములను అతికి ఒక గోళమును చేసిరి. దానికి 12 మూలలు. ప్రతి మూలయందును ఐదు త్రిభుజములు కలియును. ఒకే రకపు తునకలతో అట్టి గూటిని కట్టుటకు 60 తునకలు కావలెను. 60కి మించి కట్టవలెనన్న లెక్క యెట్లు? 1962లో డోనాల్డ్ కాస్పర్, ఆరన్ క్లూగ్ గార్లు ఆ సూత్రమును తేల్చిరి: 180, 240 మొదలగు 60 యొక్క కొన్ని గుణిజములు మాత్రమే. బక్మిన్‌స్టర్ ఫుల్లర్ కట్టిన త్రిభుజముల గుమ్మటములు వారి ఆలోచనకు తోడ్పడెను. మన పిల్లలు ఆడు ఫుట్‌బాల్ బంతిపైని 12 ఐదుమూలల ముక్కలును ఆ లెక్కకు చెందినవే.

వ్యాధి, ధైర్యము

1956లో అమెరికా పర్యటనమున నుండగా ఆమె పొట్ట ఉబ్బుట గమనించెను. తిరిగివచ్చిన పిదప సెప్టెంబరులో శస్త్రచికిత్స జరుగగా, అండాశయములందు క్యాన్సరు వ్యాధి యని తేలెను. ఆమెకు అప్పటికి 36 ఏండ్లు. కొంతకాలము ఆమె క్రిక్ గారి ఇంటనే విశ్రాంతి తీసికొనెను. పూర్వపు పోటీని మనసున నుంచుకొనక స్నేహమును నిలుపుకొన్న ఈ సంగతి గమనింపదగినది.

పిమ్మట ఆమె మరల ఆ పాతయింటి మెట్లెక్కి పనికి వచ్చెను. తన నొప్పిని గూర్చి తోడివారికి విస్తరించి చెప్పలేదు. ధనసహాయము ఆగిపోవునేమో, తన పరివారము చెదరిపోవునేమో యన్నదే ఆమెకు చింత. స్వదేశమున పరిశోధనకు ధనము దొరకుట కష్టముకాగా, 1957లో అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యసంస్థవారి సహాయము లభించెను. దానివలన ఆమె అనంతరమును ఆ శిష్యుల పని సాగెను.

ఆ దినములలోనే ఆమె పోలియో వైరసును శోధింప పూనుకొనెను. అది మనుష్యులకు సోకునది, ప్రమాదకరమైనది. సహపరిశోధకులు జంకినను ఆమె ఆ స్ఫటికములను తెప్పించెను. పోలియో టీకా ఆమె కనిపెట్టినది కాదు. సాల్క్ గారి టీకా 1955లోనే వచ్చియుండెను. అయినను శత్రువు గూడెట్లు కట్టబడినదో ఎఱుగవలెనని ఆమె తలచెను. ఆ పనిని ముగించుటకు ఆమెకు ఆయువు చాలలేదు. ఫించ్, క్లూగ్ గార్లు దానిని పూర్తిచేసి, 1959లో ప్రకటించిన వ్యాసమును ఆమె స్మృతికి అంకితము చేసిరి. మన దేశమున చివరి పోలియో రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. కుంటికాలితో నడచిన తోడి బాలురను మేము మా బాల్యమున చూచితిమి. మా విద్యార్థులు చూడరు.

1958 ఏప్రిల్ 16వ తేదీన రోజలిండ్ ఫ్రాంక్లిన్ లండనులో కన్నుమూసెను. మఱునాడు, ఏప్రిల్ 17న, బ్రస్సెల్స్ నగరమున ప్రపంచ ప్రదర్శనము తెఱువబడెను. అందు ఆమె తయారుచేయించిన పొగాకు వైరసు నమూనా, నిలువెత్తుగా, నిలుపబడెను. ఆ నమూనాలోని ప్రోటీను తునకలకు సైకిలు చేతిపట్టులకు తొడుగు ప్లాస్టిక్ తొడుగులను వాడిరి. వేలకొలది జనులు దానిని చూచిరి, చేయించినామె చూడలేదు. తన వీలునామాలో ఆమె క్లూగ్ కుటుంబమును మఱవక, ఆయనకు కొంత ధనమును తన కారును వ్రాసెను. ఆయనకు 1982లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆమె సమాధిపై చెక్కిన మాటలలో డి.ఎన్.ఏ. ప్రసక్తి లేదు, వైరసులను గూర్చి ఆమె చేసిన పరిశోధన మానవజాతికి శాశ్వతముగా మేలు చేయునన్న భావము మాత్రమే కలదు.

ఆమె అనంతరము

ఆమె నాటిన విత్తు మన తెలుగునేలను గూడ తాకినది. తమలపాకు తోటలలో తీగకు ఊతగా పెంచు అవిసె చెట్టు మనకు తెలియును గదా! తిరుపతి పరిసరములలోని అవిసె చెట్లపై ఒక వైరసును పూర్వమే కనుగొనిరి. బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు చెందిన ఎం. ఆర్. ఎన్. మూర్తి, హెచ్. ఎస్. సావిత్రి గార్లును, వారి శిష్యులును 1995లో దాని గూటిని ఎక్స్-రే పద్ధతిచేతనే పరమాణువుల వఱకు చూపిరి. ఆ గూటిలో 180 ప్రోటీను తునకలు కలవు. తునకయొక్క మొదటికొసను కొంత కత్తిరించినయెడల, అదే ప్రోటీను 60 తునకల చిన్నగూటిని కట్టుకొనునని వారు తరువాత తెలిపిరి. కొసలోని చిన్నమార్పు గూటి కొలతనే మార్చినదన్నమాట.

ఇంతటితో ఆగక, ప్రకృతిలో లేని గూళ్లను మనుష్యులే ఊహించి కట్టు కాలము వచ్చినది. అమెరికాలోని సియాటిల్ నగరమున డేవిడ్ బేకర్, నీల్ కింగ్ మున్నగువారు కంప్యూటరుపై ప్రోటీను తునకల అంచులను లెక్కించి, ఏ అంచు దేనితో అమరవలెనో నిర్ణయించి, 2012లో తమంతట తామే కూడుకొను ప్రోటీను పంజరములను నిర్మించిరి. 2016 నాటికి రెండు రకముల తునకలు అరువదేసి చేరి 120 తునకలతో ఏర్పడు గోళపంజరమును చేసిరి. ఆ పంజరముపై కరోనా వైరసు భాగమును అతికి చేసిన టీకాకు దక్షిణ కొరియా ప్రభుత్వమువారు 2022లో అనుమతి నిచ్చిరి. బేకర్ గారికి 2024లో నోబెల్ బహుమానము లభించెను. ఇట్టి పంజరములలో మందును దాచి రోగము గల చోటికే చేర్చు ప్రయత్నములును జరుగుచున్నవి.

విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మనము నేర్వదగినవి రెండు కలవు. మొదటిది: ఇతరుల శ్రమను మనము వాడుకొనినప్పుడు వారి పేరును చెప్పుట మన విధి. తోడి విద్యార్థి లెక్కను చూచి వ్రాసి, తనదే యని చూపుట చిన్నతప్పుగా తోచును. ఆ అలవాటే పెద్దయైన పిదప ఒకరి జీవితకాలపు పనిని మూడవ వరుసకు త్రోయును. రెండవది: ఫలము తన కండ్లయెదుట రాకపోయినను, సరిగా చేసిన పని నిలుచును. ఆమె కొలిచిన కొలతలు డెబ్బది యేండ్లు గడచినను తప్పు కాలేదు.

తల్లిదండ్రులతో ఒకమాట మనవి చేయుచున్నాము. మీ కుమార్తె విజ్ఞానశాస్త్రమును చదువగోరినయెడల, ఆడపిల్లకు ఆ చదువెందుకని వెనుకకు లాగకుడు. మన ఊరి దాపుననే జీనోమ్ వ్యాలీలో తెల్లని అంగీలు తొడిగికొని సూక్ష్మదర్శినుల ముందు కూర్చుండువారిలో స్త్రీలు అనేకులు కలరు. వారు కూర్చున్న పీటను వేసినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఒకరు. మీ బిడ్డకు వేయించు తరువాతి టీకా సీసాను చేతబట్టినప్పుడు, పాతయింటి పైగదికి ఎక్కిదిగిన ఆ విదుషిని ఒక్కక్షణము తలచుకొందురుగాక.